క్లచ్ లాగితే ఆగే బండి

కాగితం మీద నా ఉద్యోగం ఎలక్ట్రీషియన్. నిజంగా చేసిన పని చెప్పమంటే, బ్యాటరీలకు నీళ్ళు పోయడం. జంషెడ్‌పూర్‌లో నేను పనిచేసిన కర్మాగారంలో సరుకులు మోసే బ్యాటరీ బళ్ళు ఉండేవి. చిన్న చక్రాలు, ముందు డ్రైవరు నిలబడడానికి ఒక పలక, వెనక మంచమంత పెట్టె, ఆ పెట్టె నిండా బ్యాటరీలు. పొద్దున్న హుషారుగా వెళ్ళిన బండి సాయంత్రానికి నీరసపడి మా గదికి వచ్చేది. దానికి తినిపించి, తాగించి, మర్నాటికి లేపి పంపడం మా పని. గొడ్లసావిడి చాకిరీకీ దీనికీ ఏమంత తేడా లేదని మా ఆవిడ రవణమ్మ అనేది. పేడ కంపుకి బదులు ఆసిడ్ కంపు, అంతే.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల ఊసు ఎత్తను. అవి అందరికీ వచ్చినట్టే నాకూ వచ్చాయి, ఒకటి రెండు ఆలస్యంగా వచ్చాయి. వాటివల్ల నాకు కొత్తగా తెలిసిందేమీ లేదు. తెలిసిందంతా ఒక ముక్కోపి ఫోర్‌మన్ దగ్గరా, డెబ్బైల చివర మా పెరట్లో మేం విప్పి పెట్టిన ఒక ముసలి మోటారుసైకిల్ దగ్గరా తెలిసింది. ఆ ఇద్దరికీ నేను రుణపడి ఉన్నాను. బండిని మనిషి కింద లెక్క వేశానని నవ్వుకోకండి, చదివాక మీరే ఒప్పుకుంటారు.

దీపం లేని పూజ

బ్యాటరీ ఛార్జి అవుతున్నప్పుడు అందులోంచి ఒక వాయువు వస్తుంది. కంటికి కనబడదు, ముక్కుకు తెలియదు. నిప్పురవ్వ తగిలిందా, మూత ఎగిరి ఆసిడ్ మొహాన కొడుతుంది. అందుకని మా గదిలోకి బీడీకి, అగ్గిపెట్టెకి ప్రవేశం లేదు. విశ్వకర్మ పూజనాడు ఊళ్ళో ప్రతి యంత్రానికీ బొట్టు, దండ, అగరుబత్తి, హారతి. మా గదిలో మాత్రం దేవుడికి పూలు, బూందీ. అంతటితో సరి. కొత్తగా చేరినవాళ్ళు మొహం చిన్నబుచ్చుకునేవారు.

"విశ్వకర్మకి ఈ గది సంగతి నీకన్నా బాగా తెలుసు. ఆయనేమీ అనుకోడు, నువ్వు పని చూసుకో" అనేవాడు ఘోష్ బాబు.

ఘోష్ బాబు మా ఫోర్‌మన్. బక్కపలచటి బెంగాలీ మనిషి. ఎండైనా వానైనా చంకలో గొడుగు. ఆయన తిట్టు తినకుండా షిఫ్టు ముగిస్తే ఆ రోజు ఆయనకు ఒంట్లో బాగాలేదని అర్థం. నేను చేరిన కొత్తలో చాలాకాలం నా చేతికి స్పానర్ ఇవ్వలేదు. ఆసిడ్ చిక్కదనం చూపే గాజుగొట్టం ఒకటి ఇచ్చి, ప్రతి బ్యాటరీనీ పలకరించి రమ్మనేవాడు. ఏ బ్యాటరీ అలసిపోయింది, ఏది అలసినట్టు నటిస్తోంది అన్నది అలా పట్టుబడింది.

ఒకసారి పైనుంచి ఎవరో పెద్దవాళ్ళు చూడ్డానికి వస్తున్నారని మా ఆఫీసరొకాయన బ్యాటరీ మూతలన్నిటికీ నల్లరంగు వేయించాడు. గది పెళ్ళికొడుకులా మెరిసిపోయింది. మూతలకు గాలి పోయే సన్నటి బెజ్జాలుంటాయి, అవన్నీ రంగుతో పూడిపోయాయి. ఘోష్ బాబు వచ్చి చూసి, గుండుసూది పట్టుకుని నేలమీద చతికిలబడి, ఒక్కొక్క బెజ్జమే పొడుస్తూ, ఒక్కొక్క పోటుకీ ఒక్కొక్క తిట్టు తిట్టాడు. అప్పటినుంచి కొత్తగా రంగు వేసిన యంత్రాన్ని చూస్తే నాకు అనుమానం. మీరూ అలవాటు చేసుకోండి.

ఆయన చెప్పిన ఇంకో మాట ఈ కథకు ముఖ్యం. మా బళ్ళలో ఉండేవి సిరీస్ మోటార్లు. ఎంత బరువైనా మొండిగా లాగుతాయి. కాని లాగడానికి బరువు లేకపోతే వేగం పెరిగి, ఇంకా పెరిగి, తమంత తామే పేలిపోతాయి. "దీనికి బరువు ఉన్నంతసేపే బుద్ధి. ఖాళీగా వదిలావంటే పిచ్చెక్కుతుంది" అని ఘోష్ బాబు చెప్పేవాడు. మా బళ్ళలో మోటారు ఎప్పుడూ చక్రాలకు బిగించే ఉంటుంది కాబట్టి ఆ పిచ్చి నేను కళ్ళారా చూడలేదు.

సన్యాసి

సన్యాసి అన్నది పేరే. మేముండే పర్సుడీహ్ పేటలో మా పక్కింటివాడు. మావాళ్ళలాగే శ్రీకాకుళం వైపునుంచి వచ్చిన కుటుంబం. చుట్టరికం ఏమీ లేకపోయినా నన్ను బావా అనేవాడు, రవణమ్మని అక్క వరసలో అప్పా అనేవాడు. ఒక కంట్రాక్టరు దగ్గర ఫిట్టరుగా ఉండగా ఇనుపదూలం జారి కుడిమోకాలు నలిగింది. కంట్రాక్టరు పని ముగించుకుని ఇంకో ఊరు పోయాడు. మోకాలు మాత్రం వంగకుండా ఉండిపోయింది.

అతనికో మోటారుసైకిల్ ఉండేది. దుక్కలా ఉండే పాతకాలపు బండి. వస్తున్నాడంటే వీధి మొదట్లోనే తెలిసిపోయేది, రవణమ్మ ఆ చప్పుడు విని మా ఇంట్లో అన్నం వార్చేది. ఇప్పుడు ఇంజను కూడా పోయింది, దానికి సామాన్లు దొరకడం మానేశాయి. దొరికినా లాభం లేదు. ఆ కాలపు బళ్ళకు కిక్కు కొట్టాల్సింది కుడికాలితో, గేరు మార్చాల్సిందీ కుడికాలితోనే. ఎడంకాలికి ఉన్నది బ్రేకు ఒక్కటే.

ఖర్కాయి నది అవతల గమ్హరియాలో స్ప్రింగులు చేసే చిన్న కార్ఖానా ఒకటి ఉంది. దాని యజమాని ఒక సర్దార్జీ. కూర్చుని చేసుకునే ఫిట్టరు పని ఇస్తానన్నాడు. ఇక్కడినుంచి అక్కడికి వెళ్ళడమెలా? బస్సు అందుకోవడానికి ఆ కాలు చాలదు, ఒకసారి మెట్టుమీంచి పడ్డాడు కూడా. సర్దార్జీ మంచివాడే, కాని వ్యాపారస్థుడు. విశ్వకర్మ పూజ వరకూ చూస్తాను, మర్నాడు మనిషి రాకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటాను అని కబురంపాడు.

ఒక ఆదివారం సన్యాసి మా అరుగుమీద కూర్చుని అన్నాడు:

"బావా, బండి తుక్కోడికి ఇచ్చేత్తన్నాను. ఇంజనూ నా కాలూ ఒక్కసారే సచ్చిపోనాయి."

"మరి పనికెలా ఎల్తావు?"

"ఎల్లను. ఊరెల్లిపోతాను. మా అన్న సేలో కాకుల్ని తోలడానికి ఒక మనిషి కావాల గదా."

నవ్వుతూనే అన్నాడు. చేతిలో అంత పనితనం ఉన్నవాడు దిష్టిబొమ్మ ఉద్యోగం గురించి నవ్వుతూ మాట్లాడుతుంటే వింటూ కూర్చోలేక, లేచి వెళ్ళి అతని బండి చక్రాలు తిప్పి చూశాను.

"ఇంజనే గదా సచ్చింది. సెక్రాలు బాగానే ఉన్నాయి గదా" అన్నాను.

పొయ్యి పెరట్లోకి పోయింది

జుగ్సలాయి తుక్కు దుకాణాల్లో వెతికితే పాత బ్యాటరీ బండి మోటారొకటి దొరికింది. మా కర్మాగారం గేటులోంచి ఒక్క బోల్టు కూడా బయటికి రాలేదని ఇక్కడే చెప్పేస్తున్నాను. ఘోష్ బాబు ఉండగా ఆ పని చేసే మగాడు పుట్టలేదు. లారీలకు వాడే పెద్ద బ్యాటరీలు రెండు, తెలిసిన దుకాణంలో ఒకటికి పదిసార్లు పలకరించి ఏరుకున్నాను. చచ్చిన ఇంజను దింపి, దాని చోట మోటారు బిగించాం. అటొకటి ఇటొకటి బ్యాటరీ వేలాడడానికి సన్యాసి ఇనుపచట్రాలు చేశాడు. పీటమీద కాలు చాపుకుని కూర్చుని ఆకురాయి పట్టాడంటే మళ్ళీ కొలవనక్కర్లేదు. కుడిచేతి పిడి కొంచెం తిప్పితే బండి మెల్లిగా, పూర్తిగా తిప్పితే వేగంగా వెళ్ళేలా మా బళ్ళ పద్ధతిలోనే తీగెలు కలిపాను. గేరు ఒకేచోట కదలకుండా బిగించేశాం. క్లచ్ జోలికి మాత్రం పోలేదు. ఉన్నదాన్ని ఎందుకు కదపడం అనుకున్నాం.

ఛార్జి పెట్టేది మా వసారాలో. వంటిల్లు దాన్ని ఆనుకునే ఉంది, అందులో బొగ్గుల పొయ్యి. నేను నసుగుతూ రవణమ్మకి వాయువు సంగతి చెప్పాను. ఆవిడ అంతా విని, పొయ్యి ఎత్తుకుని పెరట్లోకి నడిచింది. ఆ వానల్లో, రేకు ముక్క అడ్డం పెట్టుకుని, కళ్ళు పొగచూరిపోతుంటే వండింది.

"ఆసిడ్ పడి సీరలకి సిల్లులు పడ్డాయి, పొయ్యికి ఇల్లు లేకుండా పోనాది. ఇంకేటి మిగిలిందో అదీ సెప్పీ" అనేది. అంటూనే సన్యాసికి టీ ఇచ్చేది. పని మానెయ్యమని మాత్రం ఎప్పుడూ అనలేదు. అప్పుడు ఆవిడకు నేను థాంక్స్ చెప్పలేదు, మా ఇళ్ళల్లో ఆ మాట వాడుకలో లేదు. ఇప్పుడు చెబుతున్నాను.

పిచ్చెక్కిన మోటారు

పూజ ఇంకా వారంలో ఉందనగా బండిని వీధిలోకి తీశాం. వీధివీధంతా వచ్చింది. సన్యాసి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల నున్నగా దువ్వుకుని వచ్చాడు. మోటారు ఖాళీగా తిరిగితే ఏమవుతుందో అతనికి ముందునుంచీ చెబుతూనే ఉన్నాను. ఎక్కాక మళ్ళీ చెప్పాను.

"క్లచ్ ముట్టుకోకు. పిడి మెల్లిగా తిప్పు, అదే ఎల్తాది."

"ఎన్నిసార్లు సెప్తావు బావా? సిన్నపిల్లోడినేటి?"

సీటుమీద సర్దుకున్నాడు. చుట్టూ జనాన్ని చూసి చిరునవ్వు నవ్వాడు. ఆ వెంటనే, బండెక్కడం నేర్చినప్పటినుంచి ఎలా చేస్తున్నాడో అలాగే, ఎడంచేత్తో క్లచ్ లాగి కుడిచేత్తో రేసు ఇచ్చాడు. బయలుదేరే ముందు బండిని ఒకసారి గట్టిగా అరిపించని మోటారుసైకిల్‌వాడు మా ఊళ్ళో లేడు.

క్లచ్ లాగగానే మోటారుకి చక్రంతో పొత్తు తెగింది. ముందు మూలిగింది, తరవాత కీచుమంది, ఆ కీచు పైకి పైకి పోయింది. నేను "ఒదిలీ!" అని అరిచేలోపే లోపల ఫట్టుమని పేలింది. తీగెలు సేమియాలా బయటికి వచ్చాయి. కాలిన వార్నీషు వాసన వేసింది. జనం ఒకరి మొహం ఒకరు చూసుకుని మెల్లిగా జారుకున్నారు.

సన్యాసి దిగలేదు. ఎడంచెయ్యి ముందుకు చాపి దాన్నే చూస్తున్నాడు.

"నాను లాగలేదు బావా. అదే లాగీసినాది. ఈ సెయ్యి నరికీ."

నాకు కోపం వచ్చింది గాని ఎవరిమీద పడాలో తెలియలేదు. నేను చెప్పిన మాట అతని చెవిదాకా వెళ్ళింది, తలదాకా కూడా వెళ్ళింది. చెయ్యి దాకా వెళ్ళలేదు. మోటారు ఒక్కటే దొరికింది, అది పోయింది. పూజకు వారమే ఉంది. రవణమ్మ పొయ్యిని ఇంట్లోకి తెచ్చుకుంది. అది చూసి సన్యాసి తలదించుకుని వెళ్ళిపోయాడు.

గొడుగుతో వచ్చిన మనిషి

మర్నాడు నా మొహం చూసి ఘోష్ బాబు అడిగాడు. నేను దాచలేకపోయాను. ఇల్లూ వీధీ ఎగిరిపోయేలా తిడతాడనుకున్నాను. ఆయన అంతా విని "మోటారు ఎక్కడుంది?" అన్నాడు.

సాయంత్రం రిక్షా దిగి, గొడుగు మూసి, మా వసారాలో మంచంమీద కూర్చున్నాడు. పేలిన మోటారుని అటూ ఇటూ తిప్పి చూశాడు. సన్యాసి మూల నిలబడి, తప్పంతా తన చెయ్యిదే అని హిందీలో మొదలుపెట్టాడు. ఘోష్ బాబు చెయ్యెత్తి ఆపాడు.

"హాథ్ కో గాలీ మత్ దో."

చేతిని తిట్టకు. జన్మంతా తిట్లతో గడిపిన మనిషి అన్న మాట అది. ఆయన మెల్లిగా విడమర్చి చెప్పాడు. ఇన్నేళ్ళూ ప్రమాదం వచ్చినప్పుడల్లా ఈ చెయ్యి క్లచ్ లాగి నిన్ను కాపాడింది. రేపు కూడా లాగుతుంది, నువ్వు వద్దన్నా లాగుతుంది. బండి చేతి మాట వినాలి గాని, చెయ్యి బండి మాట వినదు. ఆ తరవాత నావైపు తిరిగి, "క్లచ్ పళ్ళేలు రెండూ కలిపి బోల్టు బిగించెయ్. లివరు తీసెయ్యకు. దాని తీగె తెచ్చి స్విచ్చికి కట్టు. లాగితే కరెంటు పోవాలి" అన్నాడు.

ఇంతే. ఇంత చిన్న సంగతి. ఇకమీద సన్యాసి క్లచ్ లాగితే మోటారు విడిపోదు, ఆగిపోతుంది. పిడి ఎంత తిప్పినా ఫరవాలేదు. నేను అలవాటుతో కుస్తీ పట్టాను, ఆయన అలవాటునే పనిలో పెట్టుకున్నాడు.

ఆ మాట తరవాత నా ఉద్యోగమంతా నా వెంట వచ్చింది. మా డ్రైవర్లు అన్నం సంచీ తెచ్చి బండి పిడికే తగిలించేవారు. బరువుకి పిడి వంగి, మనిషి లేకుండా బండి కదిలేది. ఆఫీసులోంచి బోర్డులు వచ్చాయి, హెచ్చరికలు వచ్చాయి. సంచీలు మాత్రం అక్కడే వేలాడాయి. నేను ప్రతి బండికీ పిడి పక్కన ఒక కొక్కెం వెల్డింగు చేయించాను. గొడవ వదిలింది. పిల్లలూ, మనుషుల్ని మార్చాలని చూసే ఇంజనీర్లని చాలామందిని చూశాను. వాళ్ళు బోర్డులు రాయించుకుంటూనే రిటైరయ్యారు.

ఇక మోటారు. ఘోష్ బాబు కుర్రతనంలో వైండింగు పని చేశాడట, చూపు తగ్గి మానేశాడట. "నువ్వు చెయ్యలేవు, నేనే చుడతాను" అన్నాడు. షిఫ్టు అవగానే రోజూ మా ఇంటికే వచ్చాడు. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని ఒక్కొక్క తీగె చుడుతుంటే, సన్యాసి పక్కన కూర్చుని గాడుల్లో పెట్టే అట్టముక్కలు కత్తిరించి ఇచ్చేవాడు. ఆయన తిట్లు ఆయన తిట్టాడు. అట్ట మందంగా ఉందని, దీపం మసగ్గా ఉందని, రవణమ్మ చేసిన చేపలపులుసులో చిటికెడు పంచదార కూడా లేదని. పులుసు మాత్రం రెండోసారి వేయించుకునేవాడు. చివర వార్నీషు పూశాక అది ఆరడానికి వేడి కావాల్సి వచ్చింది. అప్పుడు రవణమ్మ పొయ్యికి మళ్ళీ పిలుపు వచ్చింది.

"సూసినావా తమ్ముడూ, ఎల్లగొట్టినోళ్ళే పిలిసినారు" అని సన్యాసితో అంటూ బొగ్గులు రాజేసింది.

పూజనాటికి బండి సిద్ధమైంది. బొట్టుపెట్టి, బంతిపూల దండ వేశాం. రవణమ్మ అలవాటుకొద్దీ హారతి వెలిగించుకుని వస్తూ, ఘోష్ బాబు మొహం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. అక్కడినుంచే మూడుసార్లు తిప్పింది. బండి బ్యాటరీలు అప్పుడే ఛార్జి అయి ఉన్నాయి మరి.

చప్పుడు లేని బండి

మర్నాడు పొద్దున్న సన్యాసి గమ్హరియాకి బయలుదేరాడు. ఎక్కగానే క్లచ్ లాగి రేసు ఇచ్చాడు. ఏమీ అవలేదు. సిగ్గుపడి లివరు వదిలాడు, బండి కదిలింది. వెళ్ళాక కార్ఖానాలో ఛార్జి పెట్టుకోవాలి, పని అవగానే తిరిగి రావాలి. నేను షిఫ్టుకి వెళ్ళానే గాని మనసంతా ఖర్కాయి వంతెన ఎత్తుమీదే ఉంది. మోటారు వేడెక్కితే? కొత్తగా చుట్టిన తీగె వదులైతే? ఆ కాలితో ఆ బరువు తోసుకుని రాలేడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అతను రాలేదు. కాసేపటికి ఘోష్ బాబు రిక్షా దిగాడు.

"ఇటు ఏదో పనుండి వచ్చాను" అన్నాడు. పర్సుడీహ్‌లో మా ఇల్లు తప్ప ఆయనకు ఏ పనీ లేదని నాకు తెలుసు.

ఇద్దరం వీధి చివర నిలబడ్డాం. వెనక రవణమ్మ కూడా వచ్చి నిలబడింది. పూర్వమైతే చెవి పెట్టి వింటే సరిపోయేది. ఇప్పుడు వినడానికి ఏమీ లేదు, కళ్ళు చించుకుని చూడాల్సిందే. సందెచీకటి పడుతోంది. రోడ్డుమీద సైకిళ్ళు, రిక్షాలు, లారీలు. ఘోష్ బాబు గొడుగు చంక మార్చి చంక పెట్టుకుంటున్నాడు. ఒక్క తిట్టూ తిట్టడం లేదు. ఆయన అంత భయపడడం నేను ఎప్పుడూ చూడలేదు.

"బావా!"

మా వెనకనుంచి వినబడింది. పక్కసందులోంచి వచ్చి ఎప్పుడు ఆగాడో, మాకు తెలియనే లేదు. దండలో పూలు కొన్ని రాలిపోయాయి. మొహం పాలిపోయి ఉంది.

"ఏటైంది? మోటారు వేడెక్కిందా?"

"మోటారు రాయిలాగున్నాది. వంతెన మీద మంచి జోరుగా వత్తన్నాను బావా, ఒక ముసిలమ్మ కట్టిపుల్లల మోపెట్టుకుని అడ్డంగా వచ్చీసింది. బండి చప్పుడు లేదు గదా, ఆవిడకేటి తెలుత్తాది? నాకు పిడి ఒదలాలని కూడా తోచలేదు. అది అలాగే తిప్పి ఉన్నాది. ఈ సెయ్యే..."

ఎడంచెయ్యి ముందుకు చాపాడు. పేలిన రోజున చాపినట్టే.

"ఈ సెయ్యే లాగీసినాది. కరెంటు పోనాది, ఎడంకాల్తో బ్రేకు తొక్కీసినాను. ముందుసెక్రం పుల్లలకి తగిలి ఆగినాది. ముసిలమ్మ తిట్టుకుంటా ఎల్లిపోనాది. నాకే ఒణుకు తగ్గక వంతెన కాడ కూకుండిపోయినాను. అందుకే ఆలీశం."

రవణమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఘోష్ బాబు ముందుకు వచ్చి ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. వేళ్ళన్నీ తిప్పి తిప్పి, బ్యాటరీని చూసినట్టే చూశాడు.

"అచ్ఛా హాథ్ హై" అన్నాడు. మంచి చెయ్యి.

"సర్దార్జీ ఏటన్నాడు?" అని నేను అడిగాను. అప్పటికి గుర్తొచ్చింది.

"రేపు కూడా రమ్మన్నాడు బావా" అన్నాడు సన్యాసి, ఈసారి నవ్వుతూ. ఆ నవ్వు నాకు నచ్చింది.

తరవాత ఘోష్ బాబుని స్టేషను దగ్గర దింపుతానన్నాడు. ఆయన జన్మలో మోటారుసైకిల్ ఎక్కి ఎరుగడు. రిక్షా కోసం అటూ ఇటూ చూశాడు, ఖాళీది ఒక్కటీ లేదు. గొడుగు చంకలో బిగించి, సన్యాసి భుజం గట్టిగా పట్టుకుని, వెనక ఎక్కి కూర్చున్నాడు. బండి కదిలింది. మలుపు తిరిగి కనబడకుండా పోయింది. రవణమ్మా నేనూ వింటూ నిలబడ్డాం. వీధి చివరదాకా, ఆ తరవాత కూడా, బండి చప్పుడు లేదు. మెల్లిగా పోనీ గాడిదా, గుంట చూసుకో గాడిదా అంటూ ఘోష్ బాబు తిట్లు మాత్రం చాలాదూరం వినబడ్డాయి.